నా సిమ్ము మార్టూరులో, నేను యోర్దానులో

కాళ్ల వాపు ఇంకా తగ్గలేదమ్మా. గొంతు కూడా సగమే వచ్చింది. అయినా పాత స్టాఫ్ రూమ్‌కి వచ్చి, మీరంతా టీ గ్లాసులు పట్టుకుని చుట్టూ కూర్చున్నాక నోరు మూసుకుని ఉండటం నా వల్ల అవుతుందా? వినండి, మధ్యలో నవ్వి నన్ను ఆపకండి. పది రోజుల్లో మూడు దేశాలు తిరిగొచ్చాను. దుబాయ్, ఐగుప్తు అంటే ఈజిప్టు, జోర్డాన్. ఆ మూడింటికీ కలిపి ప్రత్యేకంగా కొన్న సిమ్ము మాత్రం మన మార్టూరు పొలిమేర దాటలేదు! అంతా నా నోటి చలవే.

ముందు కరుణమ్మ సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లుగా చర్చి క్వయర్‌లో నా పక్కన నిలబడి పాడే మనిషి. వాళ్లకి రెండెకరాల మిరప. నేను రిటైరయ్యాక ఇద్దరం కలిసి పరిశుద్ధ యాత్రకి పేర్లు ఇచ్చాం. గొడవల భయం వల్ల ఈసారి జోర్డాన్ వైపు నుంచే యోర్దాను నది చూపిస్తామన్నారు టూరువాళ్లు. ఏ ఒడ్డైతే ఏం, నీళ్లు అవేగా అనుకున్నాం. సరిగ్గా నెల ముందు కరుణమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది.

చూడ్డానికి వెళితే మంచం మీద నుంచే నా చెయ్యి పట్టుకుంది. "ఒసే సుగుణా, నువ్వు నీళ్లలో దిగేటప్పుడు ఫోన్‌లో నన్నూ దింపవే. వీడియో తీసుకొచ్చి తర్వాత చూపించటం కాదు. అప్పుడే, అదే నిమిషంలో" అంది. ముప్పై ఏళ్లలో నన్ను ఏదీ అడగని మనిషి. దింపుతానన్నాను.

మాటైతే ఇచ్చాను. డేటా ఎక్కడి నుంచి తేవాలి?

అక్కడ మొదలైందమ్మా నా అరణ్య ప్రయాణం. మా సిమ్ము కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, తొమ్మిది నొక్కండి అయ్యాక ఒక అమ్మాయి దొరికింది. "గల్ఫ్ ప్యాక్ ఉందండి" అంది. సంతోషం అన్నాను. "అందులో ఈజిప్టు రాదండి" అంది. ఈజిప్టు వచ్చేది చెప్పమ్మా అంటే, "అది ఉందండి, కానీ అందులో జోర్డాన్ రాదండి" అంది. అన్నీ వచ్చేది కూడా ఒకటి ఉందట, దానికి రోజు లెక్క. రోజంటే ఏ దేశం రోజమ్మా అని అడిగాను. "ఇండియా టైమేనండి" అంది. అంటే నేను జోర్డాన్‌లో రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కునేసరికి, ప్యాక్‌కి రేపు మొదలైపోతుందన్నమాట! మూడు వారాలు ఇదే పని. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన దాన్ని, ఆ పట్టికల ముందు కూర్చుని తల పట్టుకున్నాను. ఇశ్రాయేలు ప్రజలు అదే దారిలో నలభై ఏళ్లు నడిచారు. ఒక్కళ్లకైనా 'మీ ప్యాక్ గడువు ముగిసింది' అని మెసేజ్ వచ్చిందా?

చివరికి గుంటూరులో ఉండే మా అన్నయ్య కూతురు శాంతి కలగజేసుకుంది. "అత్తయ్యా, నువ్వింక ఎవరికీ ఫోన్ చెయ్యకు. నేను ఈ-సిమ్ కొంటాను. మూడు దేశాలకీ ఒకటే. చిప్పు ఉండదు, పిన్నుతో పొడిచే పని ఉండదు. గళ్లగళ్లగా క్యూఆర్ కోడ్ వస్తుంది. స్కాన్ చేస్తే సిమ్ము నీ ఫోన్‌లోకి దిగిపోతుంది" అంది.

చిప్పు లేని సిమ్మా! పోనీలే, కంటికి కనబడనిదాన్ని నమ్మటం మాకు కొత్తా?

కోడ్ వాట్సాప్‌లో పంపి, ఫోన్ చేసి మూడు మాటలు చెప్పింది. ఎయిర్‌పోర్టుకి వెళ్లేదాకా స్కాన్ చెయ్యొద్దు, అది మొదటిది. నీ ఫోన్‌లో ఉన్న కోడ్‌ని నీ ఫోన్ కెమెరాకి చూపించలేవు, కాబట్టి కాగితం మీద ప్రింట్ తీయించుకో, అది రెండోది. మూడోది నేను వినలేదు. అప్పటికే స్పీకర్‌లో పెట్టి, ఆ కోడ్‌ని ఫ్లెక్సు షాపు శ్రీనుకి ఫార్వర్డ్ చేస్తున్నాను.

ఎందుకంటే మా స్త్రీల సమాజం వాళ్లు నాకోసం ఫ్లెక్సు చేయిస్తున్నారు, అదే శ్రీను దగ్గర. 'పరిశుద్ధ యాత్రకు బయలుదేరుచున్న సహోదరి సుగుణ టీచర్ గారికి శుభాకాంక్షలు' అని. దానికి నా ఫొటో కూడా నేనే పంపాలి. ఇంట్లో ఉన్నవాటిలో కాస్త సన్నగా కనబడే ఫొటో వెతికి పంపాను. దాని కిందే కోడ్ పంపాను. రెండింటి కిందా కలిపి 'ఇవి ప్రింట్ చెయ్యి నాయనా' అని పెట్టాను. శ్రీను మంచివాడు, చెప్పిన పని చేస్తాడు. కాగితం మీద ఒక కోడ్ తీసిచ్చాడు. ఫ్లెక్సు మీద, నా భుజం పక్కన, ఇంకోటి వేశాడు. అది దోసె పెనం అంత ఉంది!

ఆదివారం ఆ ఫ్లెక్సు చర్చి గేటుకి కట్టారు. నేను చూడలేదనుకుంటున్నారా? నిలబడి మరీ చూశాను. ముందు నా మొహం చూసుకున్నాను, తర్వాత పేరు చూసుకున్నాను, ఆ తర్వాత కోడ్ చూశాను. నా యాత్ర ఫోన్లలో లైవ్ చూడటానికి మావాళ్లెవరో పెట్టించారు కాబోలు, ఎంత తెలివో అనుకున్నాను. కానుకల పెట్టె మీదా గళ్లే, కూరగాయల బండి మీదా గళ్లే. నా కంటికి అన్నీ ఒకటే.

ఆరాధన చివర్లో మా పాస్టరు అయ్యగారు సాక్ష్యం చెప్పమని మైకు ఇచ్చారు. నా చేతికి మైకు ఇవ్వటం ఎంత ప్రమాదమో మీకు తెలుసు. ఐదు నిమిషాలన్నారు. ఇరవై ఐదు నిమిషాలు చెప్పాను. జనం కదలకుండా వింటున్నారు. ఆ ఊపులో ఊరుకోవచ్చుగా! "గేటు మీద గళ్లు చూశారుగా? అందరూ స్కాన్ చెయ్యండి! ఒక్కరు కూడా వదలొద్దు! వచ్చే ఆదివారం నేను యోర్దానులో నిలబడి మీకు లైవ్‌లో కనిపిస్తాను!" అన్నాను.

"ఆమేన్!" అన్నారు. మా సంఘం మాట వినే సంఘం. వెళ్లి వరసలో నిలబడి స్కాన్ చేశారు.

మంగళవారం హైదరాబాద్ ఎయిర్‌పోర్టు. టూరులో ఒంగోలు నుంచి రూతమ్మ గారని రిటైర్డ్ నర్సు వచ్చారు. ఆవిడ ఏ పట్టికా చూడలేదట, కంపెనీవాళ్లు చెప్పిన పెద్ద ప్యాక్ వేయించేసుకున్నారట. "అయ్యో రూతమ్మ గారూ, కాస్త కనుక్కోవద్దూ! ఇదిగో, నాది చూడండి" అన్నాను. టూరువాళ్లంతా చుట్టూ చేరారు. పర్సులోంచి కాగితం తీసి, మడత విప్పి, అందరికీ ఒకసారి చూపించి, పాఠం చెప్పినట్టు చెప్పి, స్కాన్ చేశాను.

ఈ కోడ్ ఇప్పటికే వాడేశారు అని వచ్చింది.

కాగితాన్ని పమిటతో తుడిచి మళ్లీ చేశాను. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని మళ్లీ చేశాను. అదే మాట. రూతమ్మ గారు నా పర్సు పట్టుకుని నిలబడ్డారు. ఏమన్నా అన్నా బాగుండేది.

శాంతికి ఫోన్ చేస్తే అది ఏదో చూసి, "అత్తయ్యా, ఆదివారం మధ్యాహ్నమే వేరే ఫోన్‌లో దిగిపోయింది. ఒక్క ఫోన్‌లోనే దిగుతుంది, ఎవరికీ చూపించొద్దని చెప్పాను కదా!" అంది. అదీ ఆ మూడో మాట!

"ఎవరికీ చూపించలేదే, కాగితం పర్సులోనే..." అంటుండగానే నా కళ్ల ముందు గేటు కనబడింది. గేటు మీద దోసె పెనం కనబడింది. దాని పక్కన నవ్వుతూ నేను.

"సరే, ఏడవకు. ఇంకోటి కొని పక్కనున్న వాళ్ల ఫోన్‌కి పంపిస్తాను. వాళ్ల స్క్రీన్ మీద నువ్వు స్కాన్ చేసుకో" అంది పిల్ల. పక్కనున్నది ఎవరు? రూతమ్మ గారు! అంతమంది ముందు అంత ఉపన్యాసం ఇచ్చి ఇప్పుడావిడ ఫోన్ అడగనా? "వద్దులేమ్మా, బస్సులో వైఫై ఉందని టూరు కాగితంలో రాశారు" అన్నాను. అది నా పొగరమ్మా. ప్రార్థనలో రోజూ ఒప్పుకుంటాను, మర్నాటికి మళ్లీ తయారు.

దుబాయ్ హోటల్లో వైఫై దొరకగానే సంఘం గ్రూపులో అడిగాను. 'గేటు మీది కోడ్ ఎవరైనా స్కాన్ చేశారా?' చెయ్యని వాళ్లెవరు! 'నేను చేశాను టీచర్ గారూ, వందనాలు.' 'మేము ఇంటిల్లిపాదీ చేశాము.' 'మా ఫోన్లో ఏమీ రాలేదు, మా విశ్వాసంలో లోపమా?' అలా డెబ్బై దాకా వచ్చాయి. చివర్న అయ్యగారు వాయిస్ పెట్టారు. "అమ్మా, ఆదివారం నా కొత్త ఫోన్‌లో 'యాడ్' అని వస్తే నొక్కాను. అప్పటి నుంచి సిగ్నల్ పక్కన ఇంకో సిగ్నల్ వచ్చింది. ఆశీర్వాదం అనుకున్నాను."

దైవజనుడి ఫోన్లోంచి సిమ్ము లాక్కుంటామా? లాక్కున్నా నా ఫోన్‌లోకి రాదట. ఊరుకున్నాను.

ఐగుప్తులో బస్సుకి వైఫై స్టిక్కర్ ఉంది. వైఫై లేదు. డ్రైవర్ని అడిగితే స్టిక్కర్ వైపు చెయ్యి చూపించి ఎంతో ప్రేమగా నవ్వాడు. జోర్డాన్‌లో నెబో కొండ ఎక్కించారు. మోషే గారు వాగ్దాన దేశాన్ని దూరం నుంచి చూసి, అడుగు పెట్టకుండానే కన్నుమూసిన చోటు. అక్కడ నా ఫోన్ తీసి చూస్తే మన పాత సిమ్ముకి సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ మాత్రం చుక్క లేదు. ఆయన బాధ నాకు ఆ క్షణాన పూర్తిగా అర్థమైందమ్మా.

ఆదివారం వచ్చింది. నది వచ్చింది. అందరూ తెల్లగౌన్లు వేసుకుని మెట్లు దిగుతున్నారు. మార్టూరులో ఆరాధన అయిపోయి, ప్రొజెక్టర్ పెట్టి, సంఘమంతా తెర ముందు కూర్చుందట. ఇంటి దగ్గర కరుణమ్మ దిండ్లకి ఆనుకుని, కోడలి చేత ఫోన్ పట్టించుకుని పొద్దున్నుంచీ చూస్తోంది. నేను మెట్ల మీద కూలబడ్డాను. ఇంక పొగరుకి కూడా ఓపిక లేదు.

"రూతమ్మ గారూ, ఆ రోజు నేను ఏదో వాగాను. కాస్త మీ నెట్..."

"అడగటానికి ఇన్నాళ్లు పట్టిందా టీచర్ గారూ?" అన్నారావిడ. "కైరోలో దిగినప్పటి నుంచీ హాట్‌స్పాట్ మీకోసమే ఆన్ చేసి పెడుతున్నాను. మీరు అడిగితే బాగుంటుందని ఊరుకున్నా. చూడండి, నా బ్యాటరీ కూడా అయిపోవచ్చింది. ఆరు శాతం."

ఆరు శాతం! ఒకవైపు తెర ముందు మూడొందల మంది. ఒకవైపు మంచం మీద ఒక్కతి. నా గురించి మీకు తెలుసు, పది మంది కనబడితే చాలు నాకు పూనకం వస్తుంది. వేలు గ్రూపు మీదికే వెళ్లింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? వెళ్లింది, ఆగింది. కరుణమ్మకే చేశాను.

ఎత్తింది! "కరుణా! ఇదిగో దిగుతున్నానే! నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో! అటువైపు ఒడ్డు చూడు, చెయ్యి చాపితే అందేలా ఉంది! ఈ రెల్లు చూడు! ఆ పావురాన్ని చూడు!" నేను చెప్తున్నాను, చెప్తూనే ఉన్నాను. కరుణమ్మ ఏదో అంటోంది, నేను వింటేగా! వెనక నుంచి రూతమ్మ గారు "రెండు శాతం!" అని కేక పెట్టారు. అప్పుడు గాలి పీల్చుకోవటానికి ఆగితే వినబడింది.

"ఒసే సుగుణా! నీ మొహం ముప్పై ఏళ్లుగా చూస్తున్నానే! నది చూపించవే తల్లీ!"

కెమెరా నావైపే ఉంది. మొదటి నుంచీ!

తిప్పాను. నీళ్లు కనబడ్డాయి. ఇద్దరం మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవటం కరుణమ్మ కూడా అదే మొదటిసారి చూడటం. కాసేపటికి, "ఇంత చిన్నదా? మన పర్చూరు వాగే వెడల్పు" అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతే, ఆరిపోయింది.

సంఘం మాత్రం ఖాళీ తెర ముందు పాటల పుస్తకంలో సగం పాటలు పాడి ఇళ్లకి వెళ్లిందట.

నిన్న సీసాలో యోర్దాను నీళ్లు పట్టుకుని కరుణమ్మ ఇంటికి వెళ్లాను. కుంటుకుంటూ కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. వాకిట్లో మిరపకాయలు ఆరబోశారు. కింద పరిచింది ఏమిటనుకున్నారు? నా ఫ్లెక్సు! పని అయిపోయిందని అయ్యగారే ఇచ్చారట. నా గడ్డం దాకా కాయలు. పక్కన దోసె పెనం మాత్రం తేటగా, ఎండలో మెరుస్తోంది.

కాయలు తిరగేస్తున్న కూలీ అమ్మాయి నన్ను చూసింది, ఫ్లెక్సు చూసింది, నడుముకున్న ఫోన్ తీసింది. "టీచర్ గారూ, మీరేగా ఇది! దీన్ని స్కాన్ చేస్తే ఏమొస్తుందండీ?"

కరుణమ్మ నా వైపు చూసింది, ఇక మొదలుపెడుతుందిరా ఉపన్యాసం అన్నట్టు.

నేను చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, దోసిళ్లతో కాయలు ఎత్తి గళ్ల మీద పోశాను. కాసిని మిగిలితే నా నోటి మీద కూడా పోశాను.