బిగించి కట్టిన వల

తొంభైల చివర్లో బందరులో డిగ్రీ చదువుతూ కాలేజీ జట్టులో ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. లెఫ్ట్ బ్యాక్‌ని. పాత కోచ్ ఉన్నన్నాళ్లూ మాకు పొద్దున్నే తిట్లే టిఫిను. ఆఖరి సంవత్సరంలో ఆయన బదిలీ అయి కొత్తాయన వచ్చారు. సన్నటి మనిషి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవారు. మొదటిరోజే "ఏవండీ, ఇంకొంచెం వేగంగా పరిగెత్తగలరా?" అని మమ్మల్ని అడిగారు. మా వెనక పెద్దవాళ్లెవరైనా వచ్చి నిలబడ్డారేమోనని తిరిగి చూసుకున్నాం.

ఓ వారం నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు. అవనిగడ్డలో ఆడినప్పుడు నేను రిఫరీని నోటికొచ్చినట్టు తిట్టాను. అతగాడు అందుకు తగినవాడేనని ఇప్పటికీ అంటాను. తిరుగు బస్సులో కోచ్ గారు నా పక్కన కూర్చుని, "రేపట్నుంచి మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి" అన్నారు. అంత మర్యాదగా నన్నెవరూ గెంటలేదు. రెండు మ్యాచ్‌లు బయటే కూర్చున్నాను. తిట్టేవాడి మీద తిరగబడొచ్చు, అండీ అనేవాణ్ణి ఏం చేస్తాం? నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఆ మంచి నోటికి మేం హడలి చచ్చేవాళ్లం.

జట్టుకి ప్రాణం మా ఫార్వర్డ్. గిలకలదిండి వైపు, సముద్రం మీద వేటతో బతికే ఇంటివాడు. నాది గూడూరు దగ్గర వ్యవసాయ కుటుంబం. ఏ చుట్టరికమూ లేకపోయినా ఇద్దరం బావా అనే పిలుచుకునేవాళ్లం. ఆ ఏడు మా కాలేజీ నుంచి యూనివర్సిటీ జట్టుకి ఒక్కణ్ణే తీసుకుంటారని తెలిసింది. అందులో ఆడితే రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద ఆశ పెట్టుకోవచ్చు. నాకైతే ఇంటిదగ్గర వరిచేను ఉంది, కోటాతో పనిలేదు. వాడి సంగతి అలా కాదు.

"ఈసారి రాకపోతే ఎండాకాలం వెళ్లగానే బోటెక్కమన్నాడు మా నాన్న" అని ఓ సాయంత్రం గ్రౌండ్‌లో చెప్పాడు. బూట్ల లేసులు విప్పుకుంటూ, "నాకు సముద్రమంటే భయం బావా. మా ఇంట్లో ఆ మాట ఎలా చెప్పుకుంటాను?" అన్నాడు. ఆ రోజు నుంచి నా కాలికి బంతి దొరికితే చాలు, వాడి వైపే తన్నేవాణ్ణి.

సెమీఫైనల్ గుడివాడ వాళ్లతో, మా గ్రౌండ్‌లోనే పడింది. సెలెక్టర్లు దానికే వస్తామన్నారు. మా గోల్‌పోస్టులకి ఏనాడూ వల లేదు. బంతి లోపల్నుంచి పోయిందా, పక్కనుంచి పోయిందా అని ప్రతి మ్యాచ్‌లోనూ కొట్టుకునేవాళ్లం. ఈసారి వల ఉండి తీరాలన్నారు కోచ్ గారు. ఫార్వర్డ్ ఇంటినుంచి పాత నైలాన్ వలలు తెచ్చాడు. కోచ్ గారు దగ్గరుండి, వెనక బోలెడు జాగా వదిలి, వదులుగా వేలాడేలా కట్టించారు.

మ్యాచ్ రోజు మా ఫార్వర్డ్ వాళ్ల నాన్న వచ్చాడు. కొడుకు చదివే కాలేజీలో అడుగుపెట్టడం ఆయనకి అదే మొదలు. కొడుకు లోపల బట్టలు మార్చుకుంటున్నాడు. ఈయన తిన్నగా గోల్ దగ్గరికెళ్లి వలని పట్టుకు చూసి, "ఇదేం కట్టడం అబ్బాయిలూ? మా పేటలో చూస్తే నవ్విపోతారు" అన్నాడు. మేం ఏదో చెప్పేలోపే ముళ్లన్నీ విప్పి, పోస్టులకి ఆనించి, ఎక్కడా వేలాడకుండా లాగి బిగించేశాడు. రెండోవైపు గోల్ కూడా కట్టబోతుంటే రిఫరీ వచ్చేశాడు.

కోచ్ గారు ఆ వలని అరచేత్తో నొక్కారు. అది చేతిని వెనక్కి నెట్టింది. ఆయన నోరు తెరవడం నేను చూశాను.

"బంతి గోడ దాటి రోడ్డు మీద పడదు మాస్టారూ. నాదీ పూచీ" అన్నాడు పెద్దాయన, చెమట తుడుచుకుంటూ.

"బాగుందండీ" అన్నారు కోచ్ గారు.

మొదటి సగంలో ఎవరికీ గోలు రాలేదు. సెలెక్టర్లు షామియానా కింద కదలకుండా కూర్చున్నారు. రెండో సగంలో ఆ బిగించిన వల ఉన్న గోల్‌పోస్టు మేం కొట్టాల్సిన వైపుకి వచ్చింది. ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా మా ఫార్వర్డ్ ఇద్దర్ని తప్పించి కొట్టాడు. కీపర్ ఒకవైపు పడ్డాడు, బంతి రెండోవైపు లోపలికి పోయింది. మేం చేతులెత్తాం. అంతలో ఆ బంతి వలకి తగిలి, పోయినదానికన్నా వేగంగా వెనక్కొచ్చింది. రిఫరీ ఎక్కడో వెనకున్నాడు. పోస్టుకి తగిలిందనుకుని ఆడమని చెయ్యి ఊపాడు. మేం ఎత్తిన చేతులు దించేలోపు గుడివాడ వాళ్లు నన్ను దాటుకుపోయి మాకు గోలు కొట్టేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. అటువైపు వల వదులుగా ఉంది, బంతి అందులో చక్కగా ఆగిపోయింది.

తిట్లు నా నాలుక చివరిదాకా వచ్చాయి. ఈలోపు కోచ్ గారే గ్రౌండ్‌లోకి పరిగెత్తుకొచ్చారు. ఆయన గొంతు లేవడం అదే మొదటిసారి. "గోలండీ అది, గోలు" అంటూ రిఫరీ వెంటపడ్డారు. రిఫరీ ఆయన్ని బయటికి పంపేశాడు. మేం ఓడిపోయాం. సెలెక్టర్లు అక్కడికక్కడే మా గోల్‌కీపర్ పేరు చెప్పి లేచారు.

మమ్మల్ని బట్టలు మార్చుకునే గది వెనక్కి పిలిచారు కోచ్ గారు. "తప్పు నాదండీ. పెద్దాయన్ని నొప్పించలేక ఊరుకున్నాను. ఆయనకి మాత్రం ఈ సంగతి తెలియనివ్వకండి" అన్నారు, ఫార్వర్డ్ మొహంలోకి చూడలేక. నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను అంత తేలిగ్గా బయట కూర్చోబెట్టిన మనిషి, ఒక్క ముడి వదులు చెయ్యమనలేకపోయాడా? ఫార్వర్డ్ మాత్రం సరేనన్నట్టు తలూపాడు.

పెద్దాయన అప్పటికే వల విప్పి, చుట్టి, భుజాన వేసుకుని వస్తున్నాడు. కొడుకు వీపు మీద చరిచి, "ఆ రిఫరీ సంగతి వదిలెయ్. మన వల చూశావా? అంత దెబ్బకి ఒక్క పోగు తెగలేదు. బంతిని ఎలా ఆపిందీ" అన్నాడు.

మా ఫార్వర్డ్ వలలో సగం తన భుజం మీదకి తీసుకున్నాడు.

"భలే కట్టావు నాన్నా" అన్నాడు. "బోటెప్పుడు ఎక్కమంటావు?"