కోచ్ సారు వంతు

బాగా ఆడేవాణ్ణి ఇంట్లో వదిలేసి సెమీఫైనల్‌కి దిగే జట్టును నా జన్మలో మొదటిసారి చూశాను. కాలు బెణికిందనో, జ్వరమొచ్చిందనో అంటే సరిపెట్టుకుందును. మొన్నటి మ్యాచ్‌లో గోల్స్ అన్నీ తనే కొట్టి మమ్మల్ని ఇక్కడిదాకా లాక్కొచ్చిన ఫార్వర్డ్ కుర్రాడు ఆ రోజు ఎచ్చెర్ల మైదానంలో మా బెంచీ మీద కూడా లేడు. పోనీ గోల్ దగ్గర ఎవరున్నారా అని చూద్దును కదా, బంతి వస్తుంటే కళ్ళు మూసుకునే కీపరు!

నేను మా డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఫుట్‌బాల్ పిచ్చి మా నాన్న అంటించాడు. ఆదివారం చర్చి అయిపోగానే బైబిలు అమ్మ చేతిలో పెట్టి మిషన్ కాంపౌండులో బంతి తన్నేవాడు, గోల్ కాయడానికి నన్ను నిలబెట్టేవాడు. ఆ సంగతి తెలిసే ప్రిన్సిపాల్ గారు ఈ పని నాకు అంటగట్టారు. కాంట్రాక్టు మీద వచ్చిన కోచ్ జట్టులోకి ఎలాంటివాళ్ళని తెస్తున్నాడు, జట్టు బాగుపడుతోందా లేదా చూసి చెప్పాలి. నేను ఊఁ అంటే ఇంకో ఏడాది ఉంటాడు. ఊహూఁ అంటే పాతపట్నం బస్సెక్కి ఇంటికి పోతాడు.

"మన ఫార్వర్డ్ ఏడీ?" అని బెంచీ మీదున్న ఆటగాణ్ణి అడిగాను.

"ఈయాల ఆడి వంతు కాదు మేడమ్. ఆడి వంతు సముద్రం కాడ. ఇక్కడ ఈడిది" అని కీపర్ని చూపించాడు.

నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. ఈలోగా గోల్స్ పడటం మొదలైంది. మా కీపరు కుడికి దూకితే బంతి ఎడమకి పోయింది, కదలకుండా నిలబడితే కాళ్ళ మధ్యనుంచి పోయింది. చిత్తుగా ఓడిపోయాం. ఇంత జరిగినా జట్టులో ఒక్కడూ వాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. నాకది ఇంకా మండింది.

"ఏమయ్యా, జట్టు నడుపుతున్నావా, తిరనాళ్ళు నడుపుతున్నావా?" అని కోచ్ మీద విరుచుకుపడ్డాను. "నీ ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్న రోజున ఇదేం తమాషా?"

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మాటిచ్చేసినాను మేడమ్. ఆ మాట మీదే గుంటలు కాలేజీకి వస్తన్నారు. రేపు పొద్దున్న ఆల ఊరు రండి, మీకే తెలుస్తాది. రేపు నా వంతు."

"నీ వంతా!" అన్నాను.

తెల్లారి ఊహూఁ అనే మాటను నోట్లో సిద్ధంగా పెట్టుకునే ఆ కుర్రాళ్ళ జాలరిపేటకి వెళ్ళాను. ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. నీళ్ళలోంచి రెండు తాళ్ళు, ఒక్కో తాడుకీ బారుగా మనుషులు, అందరూ వెనక్కి ఒరిగి లాగుతున్నారు. వాళ్ళలో మా ఫార్వర్డ్ ఉన్నాడు. వాడి వెనక లుంగీ ఎగగట్టి, తలకి తువ్వాలు చుట్టుకుని మా కోచ్! సముద్రమంటే కాళ్ళు వణుకుతాయని స్టాఫ్ రూములో తనే చెప్పుకున్న మనిషి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి లాగుతున్నాడు.

బుట్ట పట్టుకుని చేపల కోసం చూస్తున్న ఒకావిడ నా దగ్గరకొచ్చింది. నిన్నటి కీపరు తల్లినని చెప్పుకుంది.

"ఇంటికో మనిసి తాడు కాడ ఉంటేనే వాటా మేడమ్మా. ముందొచ్చిన కోచ్ బాగా ఆడేవోళ్ళని ఏరుకుని పోనాడు. ఆల ఇళ్ళకి వాటా నేకుండా పోనాది. కొన్నాళ్ళకి గుంటలు సదువే మానేసినారు. ఈ సారు అలాగ కాదు. పెద్దల కాడ కూకుని ఒప్పందం సేసినాడు. ఈయాల ఆడినోడి బదులు ఆడనోడు వల లాగాల. రేపు ఆడికి ఆట, ఈడికి వల. నిన్న మావోడు ఆడినాడు గదా, మా ఇంటి తాడు ఆ గుంటడే లాగినాడు" అని ఫార్వర్డ్‌ని చూపించింది.

"మరి మీ సారెందుకు లాగడం?"

"మా గుంటల్ని పట్టుకెల్తే మాకు సేతులు తక్కువవుతాయి గదా. వారానికోపాలి నువ్వూ రా అన్నారు పెద్దలు. వస్తన్నాడు."

అప్పుడే తాడు మీదున్న ముసలాయన నా వైపు తిరిగి కేకేశాడు. "ఊరికే సూత్తావేటమ్మా? ఓ సెయ్యి ఎయ్యి!"

వేశాను. అరచేతులు మండిపోయాయి. వల ఒడ్డుకి చేరాక నెత్తళ్ళు, కానాగంతలు ఇసకలో కుప్పలు పోశారు. ఒక కుప్ప నా కాళ్ళ దగ్గర పెట్టి, ఇది తమరిదే అన్నారు.

"అయ్యయ్యో, నాకొద్దు. తీర్పు చెప్పాల్సినదాన్ని, మీ చేపలెలా తీసుకుంటాను?" అన్నాను. నా నిజాయితీకి నాకే కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఫార్వర్డ్ చుడుతున్న తాడు కింద పడేశాడు. కీపరు తల్లి ముఖం నల్లబడింది.

"మా కాడ వాటా వొద్దంటే వంతు వొద్దన్నట్టే" అంది. "అంటే సారుని తీసేత్తన్నారన్నమాట."

"ఒరే, ఇంక పుస్తకాలు కట్టెయ్యండ్రా" అన్నాడు ముసలాయన, కోపం కూడా లేకుండా.

కోచ్ వైపు చూశాను. తీసుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. తలకున్న తువ్వాలు విప్పి పిండుకుంటున్నాడు.

"ఓలమ్మో!" అన్నాను. పాఠాలు చెప్పే తెలుగు ఎటు పోయిందో పోయింది. "నాకొద్దని ఎవులన్నారు? ఒంపండి!" అని కొంగు పట్టాను.

ఇంటికి పోకుండా కొంగులో చేపలతోనే తిన్నగా ప్రిన్సిపాల్ గారి గదికే వెళ్ళాను. ఆయన ముక్కు మూసుకున్నారు.

"వాళ్ళ వాటా తీసుకున్నాను సార్. అంచేత నా మాట పక్కన పెట్టేసినా తప్పులేదు. ఈ జట్టు గెలుస్తుందని నేను చెప్పలేను. కానీ అతను తెచ్చినవాళ్ళలో కాలేజీ మానేసినవాడు ఒక్కడూ లేడు. క్లాసుల్లోకి వెళ్ళి మీరే చూసుకోండి."

"కప్పు ఎప్పుడొస్తుంది?"

"తెలీదు సార్."

ఆయన నా కొంగు వైపు చూశారు. చివరికి, ముక్కు మీది చెయ్యి తియ్యకుండానే, "సరే, ఇంకో ఏడాది" అన్నారు.

ఈ ఏడు మొదటి మ్యాచ్‌కి మళ్ళీ ఆ కీపరు వంతే వచ్చింది. మళ్ళీ ఓడిపోయాం. గట్టు మీదనుంచి వాణ్ణి నోరు నొప్పెట్టేదాకా తిట్టాను. ఆట అయ్యాక వాడు నవ్వుతూ నా దగ్గరకొచ్చాడు.

"రేపు బేగి వచ్చీండి మేడమ్. తమరి వంతు."

"నా వంతా!"

"వాటా తీసుకున్నారు గదండీ" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పాత కాటన్ చీర ఒకటి వెతికి పెట్టుకున్నాను.