థర్మాస్‌లో దాచిన చేప పాలు

ఎనభైల మొదట్లో మాట. మా చిన్నాన్న రైల్వేలో రిటైరయ్యాక మా ఊరి శివార్లలో పర్సుడీహ్ అవతల చెరువు ఒకటి కౌలుకు తీసుకుని, గుడ్లు పొదిగించి చేపపిల్లలు తీసేవాడు. నేను కాలేజీలో జువాలజీ ప్రాక్టికల్స్ చేయించేదాన్ని.

ఒక వానాకాలం ఉదయం బర్మామైన్స్‌ పేటలో మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే అడిగాడు.

"వెండి చేపల్లో మగయి తయారుగున్నాయమ్మా. పొట్ట నొక్కితే పాలు వత్తన్నాయి. ఆడది గుడ్లెట్టడానికి ఇంకా రెండ్రోజులు పడతాది. అప్పటికి ఇయి వట్టిపోతాయి. ఆ పాలు ఐసులో ఎడితే బతుకుతాయా?"

పాలంటే వీర్యం. నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి సిగ్గేసింది, కానీ ఆ ప్రశ్న వదల్లేదు.

సాక్చి బజారులో ఐసు కొని థర్మాస్‌లో నింపాను. చెరువు దగ్గర చిన్నాన్న పిండి ఇచ్చిన పాలు చిన్న గాజు గొట్టం నిండా పోసి, బిరడా బిగించి అందులో పెట్టాను. మర్నాడు కాలేజీ మైక్రోస్కోపు కింద చూస్తే ఒక్క కణం కదల్లేదు. పారబోశాను. గాలి ఆడక చచ్చాయేమో అనుకున్నాను.

ఈసారి మళ్ళీ పాలు తీయించి గొట్టం అడుగున కొంచెమే పోసి, మూతికి దూది పెట్టి, ఐసు తగలకుండా గుడ్డ చుట్టాను. మర్నాడు చూస్తే మళ్ళీ అదే నిశ్చలం. తీసేయబోతుంటే, పైన పెట్టిన పల్చటి గాజు బిళ్ళ సరిగా తుడవలేదేమో, దాని అంచునుంచి నీటి తడి లోపలికి పాకింది. తడి తగిలినచోటల్లా కణాలు ఒక్కసారిగా గిలగిల్లాడాయి. నిమిషం తిరక్కుండానే ఆగిపోయాయి. నీళ్ళు తగిలేదాకా అవి కదలవన్నమాట. అలాగైతే నేను పారబోసినవి నిజంగా చచ్చాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

థర్మాస్ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో చెరువుకు వెళ్ళాను. ఆడచేప అప్పుడే గుడ్లు ఇచ్చింది. చిన్నాన్న వాటిని పొడి బేసిన్‌లోకి తీసుకుని, నేను తెచ్చిన పాలు పోసి, కోడి ఈకతో మెల్లగా కలిపాడు. ఆ తర్వాతే నీళ్ళు పోశాడు.

"నీళ్ళు ముందు పొయ్యకూడదని నీకెలా తెలుసు?" అన్నాను.

"ముందు పోసిన ఏడాది ఏటీ రాలేదమ్మా. అందుకని మానేశాను."

మర్నాటికి సగానికి పైగా గుడ్లు తెల్లబడి చచ్చిపోయాయి. మిగిలిన వాటిలో చిన్న తోకలు తన్నుకుంటున్నాయి. చిన్నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ వంగి చూశాడు.

"పాలు మూడో రోజుదాకా ఐసులో ఉంచితే ఏటవుతాదో?" అన్నాడు.

మళ్ళీ ఐసు కోసం సాక్చి బయల్దేరాను.