పెద్దమ్మ చేలో నా ఇనుప రింగు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటుందని ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. వ్యవసాయ డిప్లొమా చేతికొచ్చి నెల కూడా కాలేదు, అనంతపురంలో వాటర్‌షెడ్ పనుల్లో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. అడుగు లేని ఇనుప రింగును నేలలోకి దిగ్గొట్టి, నీళ్లు పోసి, ఎంతసేపట్లో ఇంకుతాయో గడియారం చూసి రాసుకోవడం నా పని. (ఆ రింగు భుజాన వేసుకుని నడుస్తుంటే ఊరు ఊరంతా నన్నే చూస్తోందనుకునేవాణ్ణి. చూసేవి మేకలు.)

అలా ఒక పెద్దమ్మ చేనికి వెళ్లాను. ఆమెకున్నదే వేరుశనగ వేసుకునే రెండెకరాల ఎర్రనేల. అది నీళ్లు ఇంకని నేలని తేలితే అందులో అరెకరం తవ్వి కుంట చేయాలని మా ఆఫీసరు ఆలోచన. గట్ల మీద గడ్డి, తంగేడు పొదలు, ఎక్కడ చూసినా రాళ్లు. నడుమ ఒక్కచోట మాత్రం చాప పరిచినంత చదునుగా ఉంది. శాస్త్రీయంగా ఉందనుకుని రింగు అక్కడే పెట్టాను. దిగడానికే అరగంట పట్టింది. బిందెడు నీళ్లు పోస్తే కంచంలో పోసినట్టు నిలబడ్డాయి. గంటైనా అలాగే ఉన్నాయి. 'ఈ నేల నీళ్లు తాగదు' అని రాసి, కింద గర్వంగా సంతకం పెట్టాను.

మర్నాడు ఆఫీసరు జేసీబీతో సహా వచ్చారు. పెద్దమ్మ కొంగు బిగించి దానికి అడ్డం నిలబడింది. "యాడ కొలిచినావప్పా?" అని నన్నడిగింది. చూపించాను. నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నీ చదువు చల్లగుండ! అది కళ్లమప్పా! చెనిక్కాయలు మట్టిలో కలవకుండా ఏటేటా నేనే నీళ్లు చల్లి, తొక్కి, పేడతో అలికినా. ఆడ నీళ్లు యాడికి పోతాయి? ఈడ పోసి చూడు!" అంటూ రింగు తనే లాక్కుపోయి గట్టు పక్క గడ్డిలో పెట్టింది. నాలుగు దెబ్బలకే దిగింది. పోసిన బిందె నేను గడియారం చూసుకునేలోపే మాయం! తర్వాత దున్నిన చోట పెట్టి పోస్తే కొంచెం నిదానించినా, అక్కడా ఇంకాయి.

"గడ్డి ఏర్లు, చీమలు దోవ చేసింటాయి. నీళ్లు ఆ దోవన దిగిపోతాయి సారూ" అంది ఆఫీసరుతో. ఆయన నా వైపు తిరిగి "చోటు ఎవరప్పా ఎంచినది?" అన్నారు. "నేనే సార్." ఆ కాగితం నా చేతే చింపించారు. కుంట దిగువనున్న బంజరుకు మారింది, పెద్దమ్మ అరెకరం పెద్దమ్మకే మిగిలింది. సిగ్గుతో చచ్చానుగానీ, అమ్మయ్య, ఒక మనిషి నేల నా చేతుల మీదుగా పోలేదని ప్రాణం తేలికపడింది.

ఇప్పుడీ పని కొత్తవాళ్లకు నేర్పేది నేనే. ఏ చేనికెళ్లినా రింగు దించే ముందు చేనుగలవాళ్లను పిలిచి, "ఈడ ఇంతకుముందు ఏం చేసేవాళ్లు?" అని అడుగుతాను. సారుకు రైతులంటే ఎంత మర్యాదో అని మావాళ్లు మురిసిపోతారు. మర్యాదా పాడా, అది భయం. కానీ ఏమీ తెలియనప్పటి ఆ ధీమా ఉంది చూశారూ, నిజం చెప్పొద్దూ, అది మళ్లీ ఒక్కరోజుకైనా వస్తే బాగుండుననిపిస్తుంది.