ఎలీషబా పెద్దమ్మ చెప్పాల్సిన సాక్ష్యం

రాచర్ల దగ్గర మా ఊరి చర్చిలో సాక్ష్యమంటే జరిగిన మేలేందో విడమరిచి చెప్పాలి. "దేవుడు మేలు చేసినాడు" అని కూర్చుంటే ఎవరూ ఒప్పుకోరు. మా పెద్దమ్మ ఎలీషబా కూలికి పోయే మనిషి. కూతురు హెలెన్‌కు హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో రీసెర్చ్ పని దొరికినప్పుడు లేచి నిలబడి, "మా పాపకు పెద్ద ఫ్యాను కాడ ఉద్యోగం వచ్చింది, స్తోత్రం" అనేసింది. క్రిస్మస్‌కు హెలెన్ ఇంటికి వస్తే, ఊళ్లోవాళ్లు ముగ్గురు బాగుచెయ్యమని చెడిపోయిన టేబుల్ ఫ్యాన్లు తెచ్చి అరుగు మీద పెట్టారు.

హెలెన్ పడీ పడీ నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. బిడ్డ చేసే పనేందో తల్లికే తెలియదని ఊరంతటికీ తెలిసిపోయింది కదా అని ఆమె బాధ. ఈసారి సరిగ్గా చెప్పి తీరాలని, ఆ పని చూడ్డానికి బయల్దేరింది. బీటెక్ మధ్యలో వదిలేసి ఖాళీగా తిరిగేది నేనే కాబట్టి తోడుకు నన్ను లాక్కెళ్లింది.

ల్యాబంటే ఒక పొడవాటి షెడ్డు. అందులో బస్సంత ఇనుప గొట్టం. ఒక చివర వెడల్పాటి నోరు, మధ్యలో అద్దాల గది, అవతలి చివర ఫ్యాను. పెద్దమ్మ కందులు తూర్పారబట్టేటప్పటిలా తలకు కొంగు బిగించి, గొట్టం నోటి ముందు నిలబడింది.

"వెయ్యే, చూస్తా నీ గాలి."

ఫ్యాను తిరిగింది. ఆమె మొహానికి గాలి తగల్లేదు. తలకు బిగించిన కొంగు మాత్రం ఊడి గొట్టంలోకి లేచింది.

"ఏందే ఇది, కొట్టకుండా పీలుస్తా ఉంది?"

"ఎనక్కి రామ్మా! ఫ్యాను తోస్తే గాలి సుడి తిరుగుతాది, లాగితే సాఫీగా వస్తాది."

అద్దాల గదిలో చిన్న ఇంటి బొమ్మ ఉంది. హెలెన్ సన్నగా పొగ వదిలింది. అది గోడ వెంబడి పాకి, కప్పు మూల దగ్గర గిర్రున తిరిగింది.

"రేకుల ఇల్లమ్మా. గాలివానకు ఏ మూల రేకు ముందు లేస్తాదో చూస్తాం."

పెద్దమ్మ అద్దం దగ్గరికి వంగి ఆ మూలనే చూసింది. మొన్న ఎండాకాలం గాలివానకు వాళ్లింటి మూల రేకు లేచి పక్కింటి గొర్రెల దొడ్లో పడింది.

"మనది లేసినట్లా?"

"అట్లనే. అట్లా సుడి తిరిగిన కాడ గాలి రేకును పైకి లాగుతాది."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేందే?"

"ఎన్నిసార్లు చెప్పినానో! చెప్పినప్పుడల్లా అన్నం తిన్నావా అని అడిగినావు."

తిరుగు బస్సులో గిద్దలూరు దాకా తాను చెప్పబోయే సాక్ష్యం నాకు అప్పజెప్తూనే ఉంది. మధ్యలో నేను నిద్రపోయినా లేపి మరీ వినిపించింది.

ఆదివారం పాస్టరుగారు అడగకముందే లేచింది.

"గాలి రేకును తొయ్యదు, పైకి లాగుతాది. ఏ మూల లాగుతాదో మా పాప ముందే కనిపెడతాది. మనబోటోళ్ల నెత్తిన రేకులు నిలబడాలని చదువుతా ఉంది. స్తోత్రం."

కూర్చోబోయి మళ్లీ లేచింది.

"ఎవరో చెప్తే చెప్తా లేను. నేను పోయి చూసినా."