గడువు దాటిన తరువాత

మా పిన్ని ఆసుపత్రిలో నర్సు. ప్రజారోగ్యంలో పీజీ చేయాలని ఆమెకు ఎన్నాళ్లుగానో కోరిక. తీరా దరఖాస్తుల వేళకు ఊళ్లో కామెర్లు ప్రబలాయి. నీళ్లు కాచి తాగమని గడపగడపకూ తిరిగి చెప్పేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది, గడువూ దాటిపోయింది.

“వచ్చే ఏడు చూద్దువులే,” అన్నాడు బాబాయి.

“అప్పుడు ఇంకో జబ్బు రాదని రాసిస్తారా?” అంది పిన్ని.

ఆ గొంతుతోనే కాలేజీలన్నిటికీ ఫోన్ చేసింది. చాలాచోట్ల కుదరదన్నారు. ఒకచోట మాత్రం సీటు ఖాళీగా ఉందని చెప్పి, ఆలస్యానికి కారణం అడిగారు.

“కామెర్లండీ.”

“అయ్యో, ఇప్పుడెలా ఉందమ్మా మీకు?”

“నాకు కాదండీ, మా ఊరికి. తగ్గాయి.”

అవతలి మనిషి నవ్వేసి దరఖాస్తు పంపమన్నాడు. సీటు వచ్చింది. ఇప్పుడు నైట్ డ్యూటీ దిగి నేరుగా క్లాసుకు వెళ్తోంది. నిద్ర ముంచుకొస్తే లేచి నిలబడి పాఠం వింటుందట. నాకైతే ఆ మాట వింటేనే ముచ్చటేస్తుంది.