హాస్టల్లో సాంబారు గరిటె

నిన్న పెళ్ళి బంతిలో గరిటె బకెట్టుకు ఠంగుమని తగలగానే నా నాలుక విరిగిన పంటి మీదికి పోయింది.

మన నర్సీపట్నం హాస్టల్ గుర్తుందా, అమ్మాయిలూ? సాంబారు గరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే లీడరు.

ఆ రోజు ఇంకాస్త సాంబారు అడిగినందుకు రోలుగుంట చిట్టిని లీడరు మరియమ్మక్క ఆ గరిటెతోనే కొట్టింది. కనుబొమ్మ చీలి నెత్తురు కంచంలో పడింది. నేను గరిటె లాక్కున్నాను. అక్క నా జడ పట్టుకుని గోడకేసి బాదింది. పన్ను విరిగినా గరిటె వదల్లేదు. మీరంతా ఎగబడి అక్కను కిందపడేసి కుమ్మేశారు.

"ఇంక సాలు, ఒగ్గేయండే!" అని అరిచాను.

ఆగిపోయారు.

"అయితే నువ్వే వడ్డించక్కా, బేగి! ఆకలేస్తంది" అంది చిట్టి, నెత్తురు తుడుచుకుంటూ.

నోట్లో నెత్తురు ఉమ్మేసి, మొదటి గరిటె మరియమ్మక్క కంచంలో పోశాను.